వైన్, విస్కీ రుచుల్ని మన మాటల్లో ఎట్టా చెప్పాలి?

కోవూరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన కోవూరు. బెంగుళూరులో ఒక పెద్ద హోటల్ రెస్టారెంటులో రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఈమధ్య వైన్ కోర్సులో చేరాను, లండన్ వాళ్ళది, డబ్ల్యూఎస్ఈటీ అంటారు, అందులో మూడో లెవెల్. థియరీ బాగానే వస్తోంది. ఏ దేశంలో ఏ ద్రాక్ష, ఏ వాతావరణం అన్నవి కూర్చుని చదివితే వచ్చేస్తాయి. నా టెన్షన్ అంతా రుచి పరీక్ష గురించే. పేరు చెప్పకుండా రెండు గ్లాసులు ముందు పెడతారు, వాటి రంగు, వాసన, రుచి, నాణ్యత వివరంగా రాయాలి.

క్లాసులో అందరూ బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సీడార్, తడి రాయి అని చకచకా రాసేస్తుంటారు. నేను ఈ పండ్లు ఎప్పుడూ తినలేదు, ఎక్కడా చూడలేదు కూడా. గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయ అనుకుని సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో ఉసిరి కోసం వారం రోజులు వెతికాను, తీరా మా సార్ అది ఈ ఉసిరి కాదు, యూరప్‌లో పెరిగే వేరే కాయ అన్నారు.

ఇంకో బాధ కూడా ఉంది. పోయిన నెల నెల్లూరు నుంచి ఒక కుటుంబం భోజనానికి వచ్చారు. నేను తెలుగువాణ్ణని తెలిసి పెద్దాయన ఎంతో ఆప్యాయంగా "ఇది ఎట్టుంటది బాబూ, పుల్లగానా తియ్యగానా" అని అడిగారు. నేను "డ్రై సార్, మీడియం బాడీ, ఫినిష్ బాగుంటుంది" అన్నాను. ఆయన తలూపి ఊరుకున్నారు. ఒక్క ముక్క కూడా ఆయనకి అందలేదని నాకు తెలుస్తూనే ఉంది, నా దగ్గరేమో వేరే మాట లేదు. మా అమ్మ చేపల పులుసు ఉప్పు చూడకుండా వాసనతోనే ఉప్పు తగ్గిందని చెబుతుంది, అలాంటి ఇంట్లో పుట్టి నోట్లో ఉన్నదాన్ని చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు ఎవరైనా దారి చూపించండి.

పొదలకూరు నిమ్మతోట:

తమ్ముడూ, నేను హైదరాబాదులో పదిహేనేళ్ళుగా హోటళ్ళ పిల్లలకి ఇదే నేర్పిస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదట నువ్వు వదిలేసుకుంటున్న ఒక ఆస్తి గురించి చెబుతాను. రెడ్ వైన్‌లో టానిన్ అనేది నేర్పించడానికి ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలతో నేను పడే అవస్థ అంతా ఇంతా కాదు. సగం మంది దాన్ని చేదు అని రాస్తారు. ఎందుకంటే వాళ్ళు రోజూ వాడే మాటల్లో దానికి విడిగా పేరు లేదు. మనకి ఉంది: వగరు. మన వైపు ఒగరు అంటాం. షడ్రుచుల్లో దానికి ఏకంగా ఒక స్థానమే ఇచ్చారు. పచ్చి అరటికాయ కొరికినా, వక్క నమిలినా, నేరేడు పండు గింజ చుట్టూ చీకినా నాలుక మీద, చిగుళ్ళ మీద గరగరమని పట్టేసినట్టుంటుంది చూడు, అదే టానిన్. అది లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటుంది, నోట్లో జారుడు పోయి గీసుకున్నట్టు అవుతుంది. అంటే ఇది నాలుకకి తెలిసే రుచి అనేకంటే నోటికి తగిలే స్పర్శ అనడం సరైన మాట. చేదు వేరు, అది కాకరకాయ. ఈ తేడా నీకు ఐదేళ్ళ వయసులోనే తెలుసు. మరి పరీక్షలో ఎందుకు భయం? పండిన నేరేడు వగరా, పచ్చి వక్క వగరా అని నిన్ను నువ్వు అడుగు. మొదటిది మెత్తని టానిన్, రెండోది గరుకు టానిన్.

ఇప్పుడు పులుపు. అందరూ "ఎసిడిటీ ఎక్కువ" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. నెల్లూరు వంటింట్లో పులుపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. చేపల పులుసులో చింతపండు పడుతుంది, మామిడికాయ ముక్కలు పడతాయి, రెండూ ఒకే పులుపు కాదని మీ అమ్మని అడిగితే చెబుతుంది. చింతపండులో ముఖ్యంగా ఉండేది టార్టారిక్ యాసిడ్. ద్రాక్షలోనూ ముఖ్యమైనది అదే. చాలా పండ్లలో ఇది దాదాపుగా ఉండదు, అందుకే వైన్ పులుపుకి మన చింతపండు కంటే దగ్గర చుట్టం లేదు. మా పొదలకూరు నిమ్మకాయది సిట్రిక్. పచ్చి యాపిల్‌ది మాలిక్. పెరుగుది లాక్టిక్. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వైన్ తయారీలో ఒక దశలో బ్యాక్టీరియా మాలిక్ పులుపుని లాక్టిక్‌గా మారుస్తుంది. రెడ్ వైన్లు దాదాపు అన్నిటికీ, షార్డనే అనే తెల్ల వైన్లలో కొన్నిటికీ ఇలా జరగనిస్తారు. పచ్చికాయ పులుపు పోయి పెరుగు పులుపు వస్తుంది, దాంతోపాటు డయాసిటైల్ అనే పదార్థం వల్ల వెన్న వాసన కూడా వస్తుంది. గ్లాసులో పచ్చికాయ పులుపు ఉందా, కమ్మని పెరుగు పులుపు ఉందా అని చూస్తే ఆ వైన్‌ని ఎలా చేశారో సగం తెలిసిపోతుంది. పులుపు ఎంతుందో తెలియాలంటే ఉమ్మేశాక తల కొంచెం వంచి ఉంచు, దవడల పక్క నుంచి ఎంత నీరు ఊరుతుందో గమనించు. ఊట ఆగకపోతే పులుపు ఎక్కువ.

ఇంక ఆ పెద్దాయనకి నువ్వు చెప్పాల్సిన మాటలు. డ్రై అంటే పొడి అని చెప్పకు, తీపి లేదు అని చెప్పు, అంతే. బాడీ అంటే మజ్జిగ గుర్తు తెచ్చుకో, పలుచనా, చిక్కనా, మధ్యరకమా. ఫినిష్ అంటే మింగాక రుచి నోట్లో ఎంతసేపు నిలుస్తుందో అది. "తీపి ఉండదు సార్, చింతచిగురు లాంటి పులుపు, కొంచెం వగరు, మింగాక కూడా కాసేపు నోట్లో నిలుస్తుంది" అని చెప్పి ఉంటే ఆయన ఇంకో ప్రశ్న వేసేవారు, మీ ఇద్దరికీ సంతోషంగా ఉండేది.

గూస్‌బెర్రీ విషయం. ఉసిరి కోసం వెతకడం మానేసి దోరజామ వాసన కోసం వెతుకు. సావిన్యో బ్లాంక్‌లో ఘుమ్మున వచ్చే ఆ వాసనకి కారణమైన థయాల్స్ అనే పదార్థాల్లో ఒకటి జామలోనూ ఉంటుంది. జామకాయల బుట్ట గదిలో పెట్టి తలుపేసి, అరగంటయ్యాక తలుపు తీసినప్పుడు ముక్కుకి తగిలే ఆ మొదటి వాసన గుర్తుపెట్టుకో.

బ్లాక్‌కరెంట్‌కి ఐస్‌క్రీం కప్పు కొనుక్కో, చాలా చోట్ల దొరుకుతుంది, జామ్ దొరికితే ఇంకా మంచిది. డ్రైఫ్రూట్ షాపుల్లో కరెంట్స్ పేరుతో ఉండేవి మాత్రం చాలావరకు చిన్న నల్ల ఎండుద్రాక్షే, వాటితో నేర్చుకుంటే దారి తప్పుతావు.

టంగుటూరు బ్యారన్:

అక్క వైన్ గురించి చెప్పింది కాబట్టి నేను విస్కీ వైపు చెబుతాను. మా తాత, నాన్న పొగాకు రైతులు. మా ఇంటి వెనకే పొగాకు ఆరబెట్టే బ్యారన్. ఇప్పుడు నేను బయటి దేశంలో విస్కీ అమ్మే ఒక దుకాణంలో పని చేస్తున్నాను.

పుస్తకాల్లో టొబాకో అని రాస్తారు, స్మోక్ అని రాస్తారు, చదివినవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. మన వైపు వాళ్ళకి ఆ పొరపాటు రాకూడదు. మన వర్జీనియా పొగాకు క్యూరింగ్‌లో పొగ ఆకుని తాకదు. మంట బయట పొయ్యిలో ఉంటుంది, వేడి మాత్రం లోపలున్న ఇనప గొట్టాల గుండా పోతుంది, ఆకు ఆ వేడికి పసుపు తిరిగి ఆరుతుంది. బ్యారన్ తలుపు తీసిన రోజు వచ్చే వాసన ఎట్టుంటదో తెలుసా, ఎండుగడ్డి, తేనె, కొంచెం ఎండుద్రాక్ష, అన్నీ కలిసినట్టు వెచ్చగా ఉంటుంది. వయసైన ఫ్రాన్సు బోర్డో రెడ్ వైన్లో టొబాకో అని రాసేది దాదాపు ఆ వాసనే. కాలిన చుట్ట వాసన కాదు.

పొగ అంటే అది స్కాట్లాండ్ ఐలా దీవి సంగతి. అక్కడ మొలకెత్తిన బార్లీని పీట్ అనే, చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్ళి గట్టిపడిన గడ్డల మంట మీద ఆరబెడతారు, పొగ నేరుగా గింజకి పడుతుంది. ఆ పొగలోని ఫినాల్స్ గింజలోకి దిగి చివరిదాకా విస్కీలో నిలుస్తాయి. లాఫ్రాయిగ్ అనే ఐలా విస్కీ మొదటిసారి వాసన చూస్తే ఆస్పత్రి వరండా గుర్తొస్తుంది, ఫినాయిల్, అయోడిన్, దానెనక ఎక్కడో సముద్రం. కొత్తపట్నం ఒడ్డున ఎండుచేపలు ఆరేసిన చోట సాయంత్రం ఎవరో చితుకులు రాజేస్తే వచ్చే వాసన తెలిసినవాడికి అది కొత్తగా అనిపించదు. కాల్చిన తేగలు ఇంకా మెత్తటి పోలిక, పొగ తక్కువున్న విస్కీలకి సరిపోతుంది. పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అని సీసాల మీద, వెబ్‌సైట్లలో రాసే లెక్క ఆ బార్లీలో ఉన్న ఫినాల్‌ది, సీసాలో ఉన్న విస్కీది కాదు, అందులో చాలా తక్కువ మిగులుతుంది.

చెక్క సంగతి కూడా రాసేస్తాను. స్కాచ్ అని పిలవాలంటే స్కాట్లాండ్‌లో ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. అమెరికా బోర్బన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా కావాలి, అందుకే వెనిల్లా, కొబ్బరి అంత గట్టిగా కొడతాయి. ఆ కొబ్బరి వాసన ఎవరో కలిపింది కాదు, ఓక్ చెక్కలో ఉండే లాక్టోన్‌ది. లవంగం వాసన కూడా చెక్కదే, యూజినాల్ అంటారు, లవంగంలో ఉండేదీ అదే. షెర్రీ అనే స్పెయిన్ వైన్ నింపి ఖాళీ చేసిన పీపాలైతే ఎండుఖర్జూరం, ఎండుద్రాక్ష, బెల్లం పాకం. ఈ నాలుగూ, అంటే వెనిల్లా, కొబ్బరి, లవంగం, ఎండుఖర్జూరం, వంటింట్లో నాలుగు గ్లాసుల్లో వేసి పక్కన పెట్టుకుని విస్కీ వాసన చూడు. వైన్‌లాగా గ్లాసు గిరగిరా తిప్పి ముక్కు లోపలికి పెట్టకు, ఘాటుకి ముక్కు మొద్దుబారిపోతుంది. గ్లాసు కొంచెం దూరంగా పట్టుకుని నోరు కాస్త తెరిచి పీల్చు. తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ చూడు, కొత్త వాసనలు లేస్తాయి.

మన దేశంవి కూడా తక్కువ చేయకు. నువ్వున్న బెంగుళూరులోనే అమృత్ ఉంది, వాళ్ళ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీ) 2004లో గ్లాస్గోలో మొదలుపెట్టారు. ఫ్యూజన్ అనేదాంట్లో మన బార్లీ, స్కాట్లాండ్ పొగ బార్లీ రెండూ కలుస్తాయి. స్కాట్లాండ్ చలికి పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే బెంగుళూరు వేడికి 10 శాతం దాకా పోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. ఆ వేడి వల్లే తక్కువ ఏళ్ళలోనే చెక్క గుణం బాగా పడుతుంది. సీసా మీద ఏళ్ళు తక్కువని నాణ్యత తక్కువ అనుకోవద్దు.

ఒంగోలు బస్టాండు:

నేను ఇదే మూడో లెవెల్ పాసయ్యాను కాబట్టి ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ నిజమే కానీ పరీక్ష కాగితం మీద చింతచిగురు, తేగలు రాయకు. దిద్దేవాళ్ళు లండన్లో ఉంటారు, వాళ్ళకి మన తేగలేంటో తెలియదు. వాళ్ళిచ్చిన పదాల పట్టీ ఉంది కదా, అందులో ప్రతి మాట పక్కన నీకు తెలిసిన వాసన ఒకటి పెన్సిల్‌తో రాసుకో. గ్లాసు వాసన చూడగానే మనసులో మొదట తెలుగు మాటే వస్తుంది, రానివ్వు, దాన్ని పట్టుకుని పట్టీలో మాటకి వెళ్ళు. నేను అలాగే చేశాను. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో వచ్చే మిరియాలు పట్టీలోనూ మిరియాలే, అక్కడ కష్టం లేదు, రొటండోన్ అనే పదార్థం రెండింట్లోనూ ఒకటేనని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. ఐదుగురిలో ఒకరికి అది అసలు వాసనే తగలదు, కాబట్టి నీకు రాకపోతే కంగారుపడకు. పచ్చి క్యాప్సికం వాసన వస్తే కేబర్నే అనే రెడ్ వైన్ రకం వైపు ఆలోచించు. కార్క్ చెడిపోయిన వైన్ మాత్రం వానకి తడిసి ఆరని గోనెసంచి, అది ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోవు.

తడి రాయి అన్నావు, చీమకుర్తిలో గ్రానైట్ కోసేటప్పుడు రంపం మీద నీళ్ళు పడుతుంటే పక్కన నిలబడు. అయితే ఆ రాయి రుచి వేళ్ళ గుండా పండులోకి ఎక్కుతుందని ఎవరైనా చెబితే నమ్మకు, అది పోలిక మాత్రమే.

ఇంకోటి, రెడ్ వైన్ గది వేడిలో ఇవ్వాలి అంటారు కదా, ఆ గది యూరప్‌ది. 16, 18 డిగ్రీలు. రోహిణి కార్తెలో మన గదిలో పెట్టిన సీసా తెరిస్తే ఆల్కహాలు మంట తప్ప ఏమీ తెలియదు, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాకే నేర్చుకో.

కలిగిరి ఆడపడుచు:

బాబూ, నీ పోస్టు చదివి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మాది దూబగుంటకి దగ్గర ఊరు. 1992లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళే సారా మీద లేచారు, రోశమ్మగారి పేరు దేశమంతా తెలిసింది. మా అమ్మ కూడా సారా దుకాణం ముందు రోజుల తరబడి కూర్చుంది. 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్ళీ సడలించారు. మా నాన్న తాగేటప్పుడు ఒక్క గుక్కలో మింగి మొహం చిట్లించేవాడు. ఆ సారాకి రుచి ఏంటని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. మీరంతా జామ, చింతచిగురు, తేనె అని రాస్తుంటే నాకు మొదట కోపమొచ్చింది. తర్వాత పైన ఆమె "ఉమ్మేశాక" అని రాసింది చూసి ఆగాను. నిజంగానే ఉమ్మేస్తారా? ఉమ్మేసేటట్టయితే నీ చదువు మీద నాకు కోపం లేదు. ఒక్కటే కోరిక. మా ఊరి మగపిల్లలు కూడా ఇవి చదువుతారు. రుచి గురించి అంత అందంగా చెప్పినప్పుడు అందులో ఎంత ఆల్కహాలు ఉందో కూడా అదే వరసలో చెప్పు.

పొదలకూరు నిమ్మతోట:

అమ్మా, నిజంగానే ఉమ్మేస్తాం. క్లాసులో ప్రతి ఒక్కరి ముందూ ఒక కప్పు ఉంటుంది. రోజుకి ముప్పై నలభై వైన్లు చూడాల్సి వస్తుంది, మింగితే పదో గ్లాసుకే ముక్కు, నాలుక పనిచేయవు. మీరు కోరింది చాలా సరైన కోరిక. ఎంత ఆల్కహాలు ఉందో రాయడం పరీక్షలోనే ఒక భాగం, కానీ మేము జనంతో మాట్లాడేటప్పుడు దాన్నే వదిలేస్తాం. వైన్ మామూలుగా 12 నుంచి 14 శాతం, మన దేశపు విస్కీ, బ్రాందీ, రమ్ సీసా మీద ఎక్కువగా 42.8 అని ఉంటుంది, అంటే మూడింతలు. మన వైపు వైన్ షాపు అన్న బోర్డు కింద అమ్మేది ఎక్కువగా ఈ రెండో రకమే, అందుకే మనవాళ్ళకి వైన్ అంటే కూడా అదే అనిపిస్తుంది. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

కోవూరు కుర్రాడు:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అమ్మా, మీరు చెప్పింది తప్పకుండా చేస్తాను. మా నాయనమ్మ కూడా ఆ రోజుల గురించి చెబుతుండేది, నేను ఏ పని చేస్తున్నానో ఆమెకి వివరంగా చెప్పడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నిన్న వంటింట్లో చింతపండు రసం, నిమ్మరసం, పులిసిన మజ్జిగ మూడు గ్లాసుల్లో పోసుకుని కళ్ళు మూసుకుని చూశాను. మూడూ మూడు చోట్ల తగులుతున్నాయి, చింతపండు నోరంతా పట్టి లాగుతుంది, నిమ్మ చటుక్కున కోసి పోతుంది, మజ్జిగ మెల్లగా పరుచుకుంటుంది. మా అమ్మకి కళ్ళు మూసి పెడితే మూడూ వరసగా చెప్పేసింది, ఏ చింతపండు కొత్తది ఏది పాతదో కూడా చెప్పింది.

ధనియాలు నలిపి వాసన చూశాను, అందులో పూల వాసన ఉందని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. జిన్‌లో కూడా ధనియాలు పడతాయని చదివాను, ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఇంకో సంగతి, చిన్నప్పుడు మా కోవూరు షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గాలి ఇటు తిరిగితే మొలాసిస్ వాసన ఊరంతా వచ్చేది, తియ్యగా, కొంచెం పులిసినట్టు, కొంచెం మాడినట్టు. రమ్ తయారయ్యేది మొలాసిస్ నుంచే కదా. బెంగుళూరులో డార్క్ రమ్ సీసా తెరిచిన ప్రతిసారీ ఏదో తెలిసిన వాసన అనిపించి ఏంటో చెప్పలేకపోయేవాణ్ణి. అది మా ఊరి వాసన.

అక్కా, మీరు దిద్దుతారని తెలుగులో ఒకటి రాశాను. నాసిక్ షిరాజ్, మొన్న క్లాసులో చూసినప్పటి నా కాగితం ముందు పెట్టుకుని రాశాను:

"ముదురు ఎరుపు, అంచున ఊదా. వాసనలో పండిన నేరేడు, మిరియాలు, చెక్క నుంచి వచ్చిన లవంగం, కొద్దిగా వెనిల్లా. తీపి లేదు. చింతపండు లాంటి పులుపు, మధ్యరకం. వగరు బాగానే ఉంది కానీ గరుకు లేదు, పండిన పండు వగరు. మరీ చిక్కన కాదు, పలుచనా కాదు. ఆల్కహాలు 13.5 శాతం, గొంతులో వెచ్చగా తెలుస్తుంది. మింగితే మిరియాల ఘాటు కాసేపు నిలుస్తుంది."

పొదలకూరు నిమ్మతోట:

చాలా బాగా రాశావు తమ్ముడూ. ఆల్కహాలు సంగతి రాసినందుకు ఇంకా సంతోషం. ఒక్క చోట ఆగాను. నేరేడు అని వాసనలో రాశావు, నేరేడు పండుకి దూరం నుంచి అంత వాసన ఉండదు. గ్లాసులో నీకు నిజంగా తగిలింది నేరేడు వాసనా, లేక నోట్లో వగరు, రంగు చూసి నేరేడు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి వాసనలో రాశావా? చాలామంది చేసే పనే ఇది. రేపు మళ్ళీ నల్ల గుడ్డ చుట్టిన గ్లాసులో పోయించుకుని, రంగు కనపడకుండా, వాసన మాత్రమే చూసి రాయి.

కోవూరు కుర్రాడు:

బెంగుళూరు వచ్చేశాను అక్కా, ఇవాళ మీరు చెప్పినట్టే చేశాను. నేరేడు కాదు. పంచదార పాకంలో ఉడికించిన నల్లద్రాక్ష, జామ్ చేసేటప్పుడు పొంగొచ్చే ముందు వచ్చే వాసన. నేరేడుని తీసి వగరు పక్కన పెట్టాను.